డిక్కీ బ్యాటరీ, తెల్ల చొక్కా

ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు కార్ల కరెంటు పని చేసి, పోయిన ఏడాది మానేశాను. నడుము ఇక చాలంది. మా ఆవిడ సుగుణ ఆ మాట అంతకు నాలుగేళ్ళ ముందే అంది. ఇప్పుడు పొద్దున్నే పటమట రైతుబజారుకు వెళ్ళి కూరలు తెచ్చి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తున్నాను. ఏ లోటూ లేదు. అయితే కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు వారానికి ఒకరిద్దరైనా ఫోన్ చేస్తారు. "రత్నం గారూ, డిక్కీలో బ్యాటరీ ఉన్న బండి వచ్చిందండీ. మార్చేటప్పుడు ఏమన్నా జాగ్రత్తలున్నాయా?" అని అడుగుతారు. ఫోన్లో రెండు ముక్కలు చెబుతాను. రెండు ముక్కల్లో ఇమడనిది ఇక్కడ రాస్తున్నాను.

బ్యాటరీ మార్చడం అసలు పనే కాదనుకునేవాళ్ళు మా ఆటోనగర్‌లోనే బోలెడు మంది. ఇంజను దింపినవాడు మేస్త్రి, గేరుబాక్సు విప్పినవాడు మొనగాడు, బ్యాటరీ మార్చినవాడు మాత్రం బోల్టులు తిప్పేవాడు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. రెండు బోల్టులు విప్పాలి, ఒక బరువు దించి ఇంకో బరువు ఎక్కించాలి, రెండు బోల్టులు బిగించాలి. అంతే కదా అనుకున్నాను. కానీ ఇన్నేళ్ళ పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఏ ఇంజను దగ్గరా జరగలేదు. ఈ బోల్టుల దగ్గరే జరిగింది. దాని గురించి చెప్పే ముందు మా గురువు గారి గురించి చెప్పాలి. ఆయన చెప్పినట్టు చేసి ఉంటే అది జరిగేది కాదు.

కోటేశ్వరరావు గారి తుండు

మా గురువు పేరు కోటేశ్వరరావు గారు. గుడివాడ వైపు నుంచి వచ్చి ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వేసుకున్నారు. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఆయన తిట్టని రోజు మాకేదో వెలితిగా ఉండేది. చదువు పెద్దగా లేదు గాని, ఏ బండి ముందుకొచ్చినా మొదట ఐదు నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగేవారు. అప్పుడు మాట్లాడిస్తే ఇక మన పని అయినట్టే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పని మొదలు పెట్టేముందు భుజం మీది తుండు తీసి నేల మీద పరిచేవారు. బండిలోంచి ఏది విప్పినా, మేకైనా మూతైనా, విప్పిన వరసలోనే ఆ తుండు మీద పెట్టాలి. బిగించేటప్పుడు చివర పెట్టింది ముందు తియ్యాలి. పని అయిపోయిందని మేం అంటే ఆయన బండి వైపు చూసేవారే కాదు, తుండు వైపు చూసేవారు. దాని మీద ఏమీ లేకపోతేనే పని అయినట్టు.

"జేబులో పెట్టుకున్న నట్టు అత్తగారి దగ్గర దాచిన రహస్యం లాంటిదిరా. ఎప్పుడు బయటికొస్తుందో, ఎక్కడ బయటికొస్తుందో మన చేతిలో ఉండదు" అనేవారు.

మేం నవ్వేవాళ్ళం. అప్పట్లో అన్నిటికీ నవ్వేవాళ్ళం.

డిక్కీలో బ్యాటరీ ఉన్న పెద్ద కార్లు బెజవాడకు తరచుగా రావడం నాకు నలభై ఏళ్ళు వచ్చాక మొదలైంది. మొదట్లో మా వాళ్ళలో ఒకాయన బానెట్టు ఎత్తి అంతా వెతికి, "ఈ కారుకు బ్యాటరీ లేదండీ" అని యజమానితో అన్నాడు. యజమాని మరి ఇన్నాళ్ళూ దేనితో తిరుగుతున్నానయ్యా అని అడిగాడు. అలా నేర్చుకున్నాం మేమందరం. ముందు వైపు బరువు తగ్గించడానికి, ఇంజను వేడి తగలకుండా ఉండటానికి బ్యాటరీని వెనక్కి పంపారు. మంచిదే. కానీ వెనక్కి పంపిన దగ్గర్నుంచి రెండు చిక్కులు వచ్చాయి.

మొదటిది డిక్కీ మూత. ఆ కార్లలో డిక్కీ తాళం కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ విప్పి పక్కన పెట్టాక ఎవరైనా పొరపాటున మూత వేస్తే, తెరవడానికి కావలసిన కరెంటు ఆ మూత లోపలే ఉండిపోతుంది. నేను మొదటిసారి ఆ పని చేసినప్పుడు సరిగ్గా అదే జరిగింది. వాన జల్లు మొదలైందని, లోపల తడుస్తుందని, మంచివాడిలా మూత వేశాను. టక్కుమంది. చేతి తాళం పెట్టే కన్నం తుప్పు పట్టిపోయి ఉంది. ముందు వైపు నుంచి కరెంటు ఇద్దామంటే, లోపల విప్పి వదిలేసిన ప్లస్ తీగ దేనికి ఆనుకుని ఉందో ఎవరికి తెలుసు? రేకుకు తగిలితే నిప్పు రవ్వలే. కోటేశ్వరరావు గారు, "నీ పుణ్యమా అని ఈ రోజు కారు కడుపులోకి పోయే దారి నేర్చుకుందాం" అన్నారు. వెనక సీటు విప్పించి, అప్పట్లో నేను సన్నగా ఉండేవాణ్ణి కాబట్టి నన్నే ఆ సందులోంచి దూరమన్నారు. అరగంట పాకి లోపలికి వెళ్ళి తీశాను. ఆ రోజు నుంచి డిక్కీ తెరవగానే మూత కొక్కేనికి గుడ్డ చుట్టి తాడు కట్టడం నా చేతికి అలవాటైపోయింది. మీరూ అలవాటు చేసుకోండి. వాన వస్తే కారు తడవనివ్వండి.

రెండో చిక్కు గాలి. ఛార్జి ఎక్కేటప్పుడు బ్యాటరీ గ్యాసు వదులుతుంది, నిప్పు తగిలితే అది పేలుతుంది. బానెట్టు కిందైతే అది గాలిలో కలిసిపోతుంది. డిక్కీలో అయితే సీటు సందుల్లోంచి మనుషుల దగ్గరికి వస్తుంది. అందుకని బ్యాటరీ పక్కన ఉన్న కన్నానికి ఒక సన్నని గొట్టం తగిలించి, కారు అడుగు నుంచి బయటికి వదులుతారు. ఆ గొట్టం చివర, బ్యాటరీలోకి దూరే చోట, ఒక వంకర మూతి ఉంటుంది. చిటికెన వేలు మొదటి కణుపంత ఉంటుంది. పాత బ్యాటరీ నుంచి పీకి కొత్తదానికి పెట్టాలి. పెట్టకపోయినా బండి స్టార్టవుతుంది, లైట్లు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది. పెట్టలేదని చెప్పడానికి ఏ దీపమూ వెలగదు. దాని ప్రమాదమంతా అక్కడే ఉంది.

కోటేశ్వరరావు గారికి ఈ గ్యాసంటే భయం, గౌరవం రెండూ ఉండేవి. ఒక శుక్రవారం బట్టల వ్యాపారి ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. కొత్త బ్యాటరీ ఎక్కించాం. ఆవిడ బ్యాటరీకి పసుపు రాసి బొట్టు పెట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి, హారతి ఇవ్వడానికి డిక్కీలోకి వంగబోయింది. అప్పుడే ఛార్జి పెట్టి తీసిన బ్యాటరీ అది. హారతి ఊది ఆర్పమని ఒక ముత్తైదువకు ఎలా చెబుతాం? కోటేశ్వరరావు గారు మాత్రం నవ్వుతూ రెండు చేతులూ చాచి, పళ్ళెం అందుకుని కారు ముందుకు నడిచారు.

"అమ్మా, దీనికి గుండె వెనకుంది గాని మొహం ముందుంది. హారతి మొహానికి గదా ఇచ్చేది! రండి, ఇట్టా వచ్చి మీ చేత్తో ఇవ్వండి" అన్నారు.

ఆవిడ సంతోషంగా హెడ్‌లైట్లకు హారతి ఇచ్చి వెళ్ళింది. వాళ్ళు వెళ్ళాక ఆయన స్టూలు మీద కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. జనానికి కోపం తెప్పించకుండా ప్రమాదం తప్పించడం కూడా మన పనిలో భాగమేనని నాకు ఆ రోజు అర్థమైంది. బడిలో చెప్పని పాఠం అది.

శనివారం సాయంత్రం

కోటేశ్వరరావు గారు కాలం చేశాక ఆ షెడ్డు నేనే నడిపాను. పేరొచ్చింది. పేరొస్తే ఏమవుతుందో చెబుతాను వినండి. చుట్టూ తిరిగి చూసే ఐదు నిమిషాలు మూడవుతాయి, మూడు ఒకటవుతుంది. తరవాత మనకు చూడకుండానే తెలిసిపోతుందనిపిస్తుంది.

పటమటలో లలిత గారని పిల్లల డాక్టరు ఉన్నారు. మా మనవళ్ళిద్దరికీ ఆవిడే మందిచ్చారు. ఆవిడ దగ్గర జర్మనీ కంపెనీ పాత కారు ఒకటి ఉంది, బ్యాటరీ డిక్కీలో ఉండే రకం. నెలకు రెండు ఆదివారాలు ఆ కారులో మైలవరం వెళ్ళి, అక్కడ ఒక బడి వరండాలో కూర్చుని పిల్లల్ని ఫీజు తీసుకోకుండా చూసేవారు. తొమ్మిదేళ్ళ కూతురు మేఘన కూడా వెళ్ళేది. ఆ పాపకు చిన్నప్పటి నుంచి ఆయాసం. దుమ్ము పడదు, పొగ పడదు, ఘాటు వాసన ఏదీ పడదు. పీల్చే మందు మెడలో సంచీలో వేసుకుని తిరిగేది.

ఆ శనివారం సాయంత్రం మా బావమరిది కూతురికి ప్రధానం. ఆ రోజుల్లోనే కుట్టించిన తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాను. సుగుణ గుమ్మంలో నిలబడి, "ఒక్క మరక పడ్డా ఆ చొక్కాతో నా కళ్ళబడొద్దు" అని హెచ్చరించింది. అప్పుడే లలిత గారు ఫోన్ చేశారు. కారు స్టార్ట్ కావడం లేదు, రేపు మైలవరం వెళ్ళాలి, పిల్లలు ఎదురు చూస్తుంటారు అన్నారు. ఆవిడ ఇల్లు దారిలోనే. మా షెడ్డులో ఉన్న బ్యాటరీ ఒకటి ఆటోలో తెప్పించుకుని, చిన్న సంచీలో రెండు స్పానర్లు, మీటరు వేసుకుని వెళ్ళాను.

మూతకు తాడు కట్టాను. మైనస్ ముందు విప్పాను. అవి చేతికి వచ్చిన పనులు. కానీ తుండు పరవలేదు. పరిస్తే మోకాళ్ళ మీద కూర్చోవాలి, కూర్చుంటే బట్టలు నలుగుతాయి. నిలబడి, చొక్కా తగలకుండా పొట్ట వెనక్కి లాక్కుని, చేతులు మాత్రం చాచి పని చేశాను. గొట్టం మూతి బ్యాటరీలో బిగుసుకుపోయి ఉంటే, దాన్ని గొట్టంలోంచి కూడా ఊడదీసి పీకాను. బ్యాటరీ ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. ఆ మూతి పడిపోకుండా చొక్కా జేబులో వేసుకున్నాను.

పాత బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. బాగా వయసైపోయి చచ్చిన బ్యాటరీ ఉబ్బదు. అతిగా తినిపిస్తే ఉబ్బుతుంది. అది నాకు తెలుసు. కొత్తది బిగించి స్టార్ట్ చేసి మీటరు పెడితే పదిహేను వోల్టులు దాటి చూపించింది. పద్నాలుగున్నర దాటకూడదు. అదీ నాకు తెలుసు. కారణం వెతకాలంటే డిక్కీ మూలలో ఉన్న తీగల దగ్గరికి భుజం దాకా దూరాలి. ఆ మూలలో నల్లటి మడ్డి పేరుకుని ఉంది. నా చొక్కా తెల్లగా ఉంది.

"కొంచెం ఎక్కువ ఛార్జి అవుతోందమ్మా. సోమవారం షెడ్డుకు పంపించండి, చూస్తాను" అన్నాను.

"రేపు మైలవరం వెళ్ళి రావచ్చాండీ? ఇబ్బందేం లేదు కదా?" అని అడిగారావిడ.

"వెళ్ళిరండమ్మా, భేషుగ్గా వెళ్ళిరండి" అన్నాను.

ప్రధానంలో నా చొక్కాను ముగ్గురు మెచ్చుకున్నారు.

కానుకల వేళ

రెండు గంటలు కూడా వేసుకోని చొక్కాను ఉతకడమెందుకని, ఆదివారం పొద్దున చర్చికి కూడా అదే వేసుకున్నాను. వాక్యం అయింది, కానుకల పాట మొదలైంది. కానుకల సంచీ నా వరస దాకా వచ్చింది. జేబులో చెయ్యి పెట్టాను. నోటు తగల్లేదు, వంకరగా, మెత్తగా ఒకటి తగిలింది. బయటికి తీసి చూశాను. అరచేతిలో గొట్టం మూతి.

సంచీ పట్టుకున్నాయన నా చేతి వైపు చూశాడు. నేను ఆ మూతిని మళ్ళీ జేబులో వేసుకుని లేచి బయటికి నడిచాను. మొత్తం గుడి నన్నే చూసి ఉంటుంది, నాకు తెలీదు. అప్పటికి నా కళ్ళ ముందు ఒక్కటే ఉంది. అతిగా ఛార్జి అవుతున్న బ్యాటరీ, దాని గ్యాసు బయటికి పోయే దారి నా జేబులో, అద్దాలు మూసిన కారు, వెనక సీటులో ఆ పాప. ఆ గ్యాసుకు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, ఆమ్లపు ఘాటు ఉంటుంది. మామూలు మనిషికి గొంతు మండుతుంది. ఆయాసం ఉన్న పిల్లకు ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది.

లలిత గారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అద్దాలు దించుకోమని, బండి ఆపెయ్యమని మెసేజి పెట్టాను. చూసినట్టు లేదు. వాళ్ళ డ్రైవరు సాంబయ్య నంబరు నా దగ్గర లేదు. ఈలోపు సుగుణ కూడా బయటికొచ్చింది.

"ఏంటండీ, ఆశీర్వాదం కాకుండానే లేచొచ్చారు?"

మూతి చూపించాను. ముప్పై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, అదేంటో ఆవిడకు చెప్పక్కర్లేదు.

"ఎవరిది?"

"డాక్టరమ్మగారిది. మైలవరం పోయారు. పాప కూడా ఉంది."

"అయితే ఇంకా ఇక్కడ నిలబడ్డారేం!" అని గసిరింది.

పనిముట్ల సంచీ నా స్కూటరు డబ్బాలోనే ఉంది. బయల్దేరాను. గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర కుడికి తిరిగి, కొండపల్లి మీదుగా జి.కొండూరు. లారీల మధ్యన ఆ వయసులో నేను నడపవలసిన తీరు కాదు అది. దారిలో కారు ఆగి ఉందేమోనని రోడ్డు పక్క చెట్ల కిందల్లా చూస్తూ వెళ్ళాను. ఆగి ఉండాలని అనుకున్నాను, ఆగి ఉండకూడదని కూడా అనుకున్నాను. ఆ గంట సేపు నేను చేసినంత ప్రార్థన గుడిలో ఎప్పుడూ చెయ్యలేదు.

మైలవరం

బడి ముందు కారు కనిపించింది. నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి ఉన్నాయి. స్టెపినీ చక్రం, మందుల డబ్బాలు, చాప, గొడుగు అన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. సాంబయ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు. లలిత గారు వరండా మెట్ల మీద నుంచి కోపంగా మాట్లాడుతున్నారు.

"పోయిన వారం గుడ్ల ట్రేలు తెచ్చావు కదా సాంబయ్యా. ఒకటి పగిలితే చెప్పాలా వద్దా? పిల్ల ప్రాణం మీదకొచ్చేది. నీకు ఎన్నిసార్లు చెప్పాను డిక్కీ కడగమని?"

"పగల్లేదమ్మా. నా పిల్లల మీదొట్టు."

"మరి ఈ వాసనెక్కడిది?"

నేను ముందు పాప కోసం చూశాను. వరండా చివర బల్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో పీల్చే మందు ఉంది, కానీ ఊపిరి నిమ్మళంగానే ఆడుతోంది. కొండపల్లి దాటగానే పాపకు వాసన తగిలిందట. దుమ్ము పడదు, అద్దం వెయ్యమని తల్లి, డ్రైవరు ఇద్దరూ ఎంత చెప్పినా వినకుండా అద్దం మొత్తం దించి, తల బయటికి పెట్టి కూర్చుందట. దగ్గు వచ్చింది గాని ఆయాసం రాలేదు. ఆ పిల్లను కాపాడింది నా విద్య కాదు, డాక్టరు గారి విద్యా కాదు. దాని మొండితనం.

ఇప్పుడు కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి వినండి. అప్పటికి నేను వచ్చినట్టు ఎవరూ చూడలేదు. ఊరికే ఇటు వచ్చానని చెప్పి, ఆ మూతి పెట్టేసి, తీగ సరిచేసి, బ్యాటరీ కంపెనీవాణ్ణి నాలుగు తిట్టి వెళ్ళిపోవచ్చు. నింద అప్పటికే సాంబయ్య మీద పడింది. నేను నోరు మూసుకుంటే చాలు. అలా చెయ్యాలని నాకు అనిపించలేదని చెబితే అబద్ధమవుతుంది. అనిపించింది. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరు గుర్తొచ్చింది, ఆవిడ పదిమందికి చెబితే ఏమవుతుందో గుర్తొచ్చింది. కానీ సాంబయ్య తన పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఆ మాట విన్నాక నేను ఉండలేకపోయాను.

వెళ్ళి అరచెయ్యి తెరిచి చూపించాను.

"ఆయన తప్పేం లేదమ్మా. ఇది కారులో ఉండాలి, నా జేబులో ఉండిపోయింది. ఆ వాసన బ్యాటరీది. నేను మర్చిపోయాను."

లలిత గారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. అంతా వివరంగా చెప్పమన్నారు. గొట్టం సంగతీ, మీటరు పదిహేను దాటి చూపించిన సంగతీ, మూలలోకి దూరితే చొక్కా మాసిపోతుందని సోమవారానికి వాయిదా వేసిన సంగతీ, అన్నీ చెప్పాను. చొక్కా మాట చెప్పేటప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

"మనిషన్నాక మర్చిపోతాడు రత్నం గారూ. మా ఆసుపత్రుల్లోనూ మర్చిపోతారు, అది నాకర్థమవుతుంది. కానీ వెళ్ళిరావచ్చా అని నేను అడిగాను. మీకు తెలిసి కూడా వెళ్ళిరండన్నారు. అదే నాకర్థం కావటం లేదు" అన్నారు.

కోటేశ్వరరావు గారు జీవితాంతం తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ మాటంత దెబ్బ తగల్లేదు. మరిచిపోవడం చేతి తప్పు. దానికి తుండు ఉంది, వరస ఉంది, అలవాటు ఉంది. తెలిసీ "పర్వాలేదు" అనడం అలాంటి తప్పు కాదు. బండి గురించి ఏమీ తెలియనివాళ్ళు మన నోటి మాట మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళతారు. వాళ్ళు మన దగ్గరికి వచ్చేది ఆ ఒక్క మాట కోసమే. బ్యాటరీ ఎవరైనా అమ్ముతారు.

ఆవిడ సాంబయ్య వైపు తిరిగి, "నిన్ను అనవసరంగా అన్నాను సాంబయ్యా. తప్పు నాదే" అన్నారు. వరండాలో ఉన్న తల్లులందరూ వింటుండగానే అన్నారు. సాంబయ్య, "పర్లేదులేమ్మా" అంటూ స్టెపినీ ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

నేను ఆ డిక్కీలోకి భుజం దాకా దూరాను. బ్యాటరీ దగ్గర నుంచి ముందున్న, ఛార్జి పుట్టించే ఆల్టర్నేటరుకు కబురు తీసుకెళ్ళే సన్నని తీగ ఒకటి ఉంటుంది, కడుపు నిండిందో లేదో చెప్పేది. దాని చివర పచ్చటి చిలుము పట్టింది. కబురు సరిగ్గా అందక, ఇంకా ఆకలిగా ఉందనుకుని ఆల్టర్నేటరు తినిపిస్తూనే ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాను. మీటరు పద్నాలుగు దగ్గర నిలబడింది. పది నిమిషాల పని. గొట్టానికి మూతి తొడిగి, బ్యాటరీ కన్నంలో కూర్చోబెట్టి, అవతలి కొసలో నోటితో ఊది చూసి మరీ నమ్మాను. సాంబయ్య ఇచ్చిన తుండు నేల మీద పరిచే ఉంది. దాని మీద ఏమీ మిగల్లేదు. చొక్కా కుడి భుజం నుంచి మోచేతి దాకా నల్లగా అయిపోయింది.

తిరుగు ప్రయాణం

పిల్లల్ని చూడటం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అప్పటిదాకా ఇంజను నడుపుతూ, ఆపుతూ, మీటరు చూస్తూ, డిక్కీలో తల పెట్టి వాసన చూస్తూ అక్కడే ఉన్నాను. ఇక సెలవు తీసుకుందామని వెళితే లలిత గారు తాళాలు నా చేతిలో పెట్టారు.

"మీరు నడపండి."

"సాంబయ్య ఉన్నాడు కదమ్మా?"

"సాంబయ్య మీ బండి మీద వస్తాడు. మీరు కారు నడపండి. మేఘన మీ వెనక కూర్చుంటుంది."

పాప కారు దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. ముక్కు ఎగబీల్చి వాసన చూసింది. నా వైపు చూసి, "అంకుల్, నిజంగా బాగయిందా?" అని అడిగింది.

అయిందని నోటిదాకా వచ్చింది. ముందు రోజు కూడా అలాగే నోటిదాకా వచ్చి, దాటి వెళ్ళిపోయింది. "నాకు తెలిసినంతలో అయిందమ్మా. మూడుసార్లు చూశాను. కానీ నీకు ఏ మాత్రం వాసనొచ్చినా చెప్పు, అక్కడే ఆపేస్తాను" అన్నాను.

"అద్దం తీసే ఉంచుకుంటాను" అంది.

"నీ ఇష్టం" అని తల్లి ముందు సీటులో కూర్చున్నారు.

మెల్లగా బయల్దేరాను. దారి పొడుగునా మామిడి తోటలు. పాప అద్దం పూర్తిగా దించి, ముఖం గాలికి పెట్టి కూర్చుంది. నా కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి గాని చెవులు రెండూ వెనక సీటులోనే ఉన్నాయి. జి.కొండూరు దగ్గర రెండుసార్లు దగ్గింది. నేను కాలు బ్రేకు మీద పెట్టాను. "దుమ్ము, అంతే" అంది తనే. లలిత గారు వెనక్కి తిరిగి చూడలేదు.

కొండపల్లి దగ్గరికి వచ్చేసరికి లారీలు ఎక్కువయ్యాయి. వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఒకసారి, కాసేపాగి మళ్ళీ ఒకసారి. నా కాలు మళ్ళీ బ్రేకు మీదకెళ్ళింది. తరవాత చిన్న మోటారు చప్పుడు వినిపించింది. పాప అద్దం పైకి ఎత్తుతోంది. సగం దాకా ఎత్తి ఆగింది. ఇంకోసారి ఊపిరి పీల్చి, మిగతా సగం కూడా మూసేసింది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకుందామంటే చొక్కా చెయ్యంతా మడ్డి. అలాగే నడిపాను. ఇబ్రహీంపట్నం దాటింది, గొల్లపూడి దాటింది. పటమటలో వాళ్ళ ఇంటి ముందు ఆపేదాకా ఆ అద్దం మళ్ళీ దిగలేదు.